దారం ఆగే దాకా

“సూదక్కా! ఓ సూదక్కా! నా దారం ఇంకా ఆగలేదమ్మా, అవతల నా బస్సు కదిలిపోతుంది!”

తెర వెనక నుంచి కండక్టరమ్మ వేసిన కేకకి, పక్కగదిలో చేతులు కడుక్కుంటున్న సూదక్క నవ్వుకుంది.

“మీరు ఈల వెయ్యందే ఆ బస్సు ఎలా కదులుతుందండీ? కాసేపు ఊరుకోండి,” అంటూ చేతులు తుడుచుకుని లోపలికి వచ్చింది.

మంచం మీద కండక్టరమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. చీలమండకి కాస్త పైన, లోపలివైపు నుంచి తీసిన సూది వెంట దారం వస్తూనే ఉంది. దుమ్ము రంగు దారం, గోనెసంచి పీచులా ముతకది. కాళ్ళ దగ్గర స్టూలు మీద సూదక్క వాళ్ళ పెద్దక్క కూర్చుని, తొందరేమీ లేకుండా దాన్ని ఖాళీ కండెకి చుడుతోంది.

ఆ గదిలో అది రోజూ ఉండేదే. సూదక్కవి మందెక్కించే సూదులు కావు, నొప్పి తగ్గడానికి ఒంటికి గుచ్చి కాసేపు ఉంచే ఆక్యుపంక్చరు సూదులు. ఆమె సూది తీస్తే దారం వస్తుంది. సూది దిగిన చోట మనిషి లోపల ఎంత దాచుకుంటే అంత పొడుగు వస్తుంది. అయిపోయాక దానంతటదే జారి ఊడిపోతుంది, చర్మం మీద నువ్వుగింజంత చల్లదనం మిగులుతుంది. వేరేచోట ఇంజెక్షను తర్వాత దూది పెట్టినట్టు ఇక్కడ కండె పెడతారు, అంతే తేడా. వాడిన సూదిని డబ్బాలో పారేస్తారు. దారాన్ని మాత్రం ఎవరిది వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళిపోతారు.

“పొద్దున్నుంచీ బస్సులో నిలబడి ఉంటానా,” కండక్టరమ్మ పైకప్పుకేసి చూస్తూ చెప్పుకుపోతోంది. “దిగుదామంటే బస్సు ఆగేచోట ఎక్కడా ఆడవాళ్ళకంటూ ఒక గది లేదు. అందుకని నీళ్ళే తాగను. తాగితే కదా గొడవ!”

“అదీ సంగతి. పొత్తికడుపు మంట అంటారు, నీళ్ళు మాత్రం తాగరు. మంట రాక మరేమొస్తుంది? రేపు ఆసుపత్రికెళ్ళి మూత్రం పరీక్ష చేయించుకోండి, ఆ కాగితం చూశాకే మళ్ళీ సూది. డిపోలో కూడా అడగండి, గది ఉన్నచోట బస్సు ఆపమని. అది అడగడానికి సిగ్గెందుకు?”

దారం ఇంకో రెండు చుట్లు వచ్చి జారిపోయింది. వరండాలో కూర్చున్న టీచరమ్మ, చేతిలో పుస్తకం దించకుండానే అంది: “సూది కోసం సోదికి వెళ్తే పాత బాగోతమంతా బయటపడిందని ఊరికే అన్నారా!”

“నాది బాత్రూము బాగోతమే కదా టీచరమ్మా,” కండక్టరమ్మ చెప్పులేసుకుంటూ అంది. “మీ దారం పుస్తకాలు పుస్తకాలు అవుతుంది.” కండె సంచిలో పడేసుకుని పరుగెత్తింది. వీధి చివర ఈల వినబడింది.

సూదక్క ఈ సూదుల దగ్గరికి రాకముందు కూడా సూదుల మధ్యే పెరిగింది. అమ్మానాన్న పోయాక పెద్దక్క బట్టలు కుట్టే కొట్టు పెట్టి, మిషను తొక్కి ఆమెను పెంచింది. ఊరందరికీ సూదక్క అయినా పెద్దక్కకి ఇప్పటికీ చిట్టే. ఎదిగీ ఎదగని ఆ వయసులో, నెలసరి వచ్చిన రోజున చిట్టి కొట్టు వెనక గుడ్డపీలికల గుట్ట మీద ముడుచుకుని పడుకునేది. మూలుగు బయటికి వినబడకుండా పీలిక ఒకటి పళ్ళ మధ్య పెట్టుకునేది. కొట్టుకొచ్చిన ఆడవాళ్ళు జాలిగానే చూసేవాళ్ళు. “ఆడపుట్టుక పుట్టాక ఇది మామూలే. పెళ్ళయితే అదే సర్దుకుంటుంది,” అని కొలతలిచ్చి వెళ్ళిపోయేవాళ్ళు.

పెద్దక్కకి ఆ ‘మామూలే’ అన్న మాట గిట్టేది కాదు. “కుట్టు ముడత పడిందంటే దారం ఎక్కడో పట్టుకుందని అర్థం. విప్పి చూడాలి గానీ మామూలే అని ఇస్త్రీ చేసేస్తే ఎలా?” అని, ఒకరోజు కొట్టుకి తాళం వేసి, చిట్టిని నడిపించుకుంటూ సైకిల్ షాపు మీది మేడగదికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక ముసలావిడ సూదులు వేసేది.

ముసలావిడ నొప్పి ఎక్కడని అడగలేదు. నిద్ర ఎలా పడుతుంది, ఆకలి ఎప్పుడేస్తుంది, పాదాలు చల్లగా ఉంటాయా, నెలసరి ఏ రంగులో వస్తుంది, ఏడుపు వస్తే ఎక్కడికెళ్ళి ఏడుస్తావు... ఇలా అడుగుతూనే ఉంది. అంతవరకూ చిట్టిని అంతసేపు అడిగినవాళ్ళు లేరు. సూది దిగినప్పుడు చీమ కుట్టినంత కూడా తెలియలేదు. తీసినప్పుడు మాత్రం దారం వచ్చింది. వానాకాలం సాయంత్రంలాంటి నీలం, తడిసిన పట్టులా మెత్తన. కిటికీలో ఎండ గోడెక్కి మాయమయ్యే దాకా వచ్చింది. పెద్దక్క దాన్ని తన అరచేతికే చుట్టుకుంటూ, “ఇంత మోశావుటే పిచ్చిమొద్దూ, ఇంత మోశావుటే,” అంటూ కూర్చుంది. ఇప్పుడు సూదక్క గదికున్న తెల్ల తెర అంచున కనిపించే కుట్టు ఆ నీలం దారమే.

నొప్పి ఒక్కరోజులో పోలేదు. నెల నెలా కాస్త కాస్త తగ్గింది. తగ్గిపోయాక కూడా చిట్టి ఆ మేడమెట్లు ఎక్కడం మానలేదు. కాగితపు మడతల మీద, సబ్బుబిళ్ళ మీద, తర్వాత తన కాలి మీదే గుచ్చుకుని నేర్చుకుంది. ఆ వైద్యం నేర్పే బళ్ళో చేరి పరీక్షలు కూడా రాసింది. ముసలావిడ చెప్పినవాటిలో ఆమె ఎప్పుడూ మరిచిపోని మాట ఒకటుంది. “మంచమెక్కిన మనిషి ఎవరైనా సరే, నీకు కొత్తమనిషే. నీకు తెలుసు అనుకున్నదంతా చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలిపెట్టు. మొదటినుంచీ అడుగు.” అందుకే సూదక్క చిన్నపిల్లనైనా సరే ఆ మంచం మీద ‘మీరు’ అనే అంటుంది.

దారం గురించి కూడా ముసలావిడ చెప్పింది. అది మధ్యలో బిగిసిందంటే చెప్పాల్సింది ఇంకా మిగిలి ఉందన్నమాట. లాగకూడదు, తెంపకూడదు. ఒకావిడ పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ కంగారుగా తెంపేసుకుని వెళ్ళిందట. కొస చటుక్కున లోపలికి జారిపోయింది. ఆ తర్వాత ఎన్ని సూదులు వేసినా ఆవిడకి పోగు కూడా రాలేదు. అందరితో నవ్వుతూనే ఉండేది గానీ ఆ నవ్వు అద్దెకి తెచ్చుకున్నట్టు ఉండేదట.

కళ్ళు కుట్టుపనికి ఆనక పెద్దక్క కొట్టు మూసేసింది. అప్పటినుంచీ చెల్లెలి వరండా ఆమె రాజ్యం. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం, టీ ఇవ్వడం, దారాలు చుట్టడం. మెడలో తాడుకి పాత కత్తెర ఇంకా వేలాడుతూనే ఉంటుంది. “చెప్పేసుకోండమ్మా, కడుపులో పెట్టుకుంటే కుళ్ళుతుంది,” అని అందరికీ ధైర్యం చెప్పేది ఆమే.

అలాంటి పెద్దక్క ఈ వానలు మొదలైనప్పటి నుంచీ పాలిపోతోంది. అది చూసి సూదక్క మనసు మనసులో లేదు. నిమ్మపండు రంగు బట్టలంటే ప్రాణమిచ్చే మనిషి ఇప్పుడు ముదురు రంగులే కడుతోంది. ఎవరూ లేవకముందే తన బట్టలు తానే ఉతికి ఆరేసుకుంటోంది. తన పేము కుర్చీ మీద నల్ల దిండొకటి తెచ్చి వేసుకుంది. మెట్ల మధ్యలో ఆగి, గోడ మీద లేని బల్లిని చూస్తున్నట్టు నిలబడుతుంది. ఏమిటని అడిగితే ఒకటే జవాబు. “మోకాళ్ళే. గుర్రం ముసలిదైతే కుంటదూ?”

సూదక్క వీలు దొరికినప్పుడల్లా అక్క మోకాళ్ళకి సూదులు వేస్తూనే ఉంది. తీసినప్పుడల్లా జానెడు తెల్లదారం వచ్చి ఊడిపోయేది. “చూశావా, నాలో ఏం దాపరికం ఉంటుంది? తెరిచిన పెట్టెని,” అనేది పెద్దక్క. “పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, నాకు బాగానే పనికొస్తోంది!” ఆ జానెడు దారం చూసి సూదక్కకి గర్వంగా ఉండేది. అక్కలాంటి నిర్మలమైన మనిషి ఇంకెక్కడ ఉంటుంది అనుకునేది. లోకంలో ఉన్న ఆడవాళ్ళందరినీ అడిగే ప్రశ్నలు అక్కని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అక్క గురించి తనకి తెలియనిదేముంది గనక?

ఆ మధ్యాహ్నం టీచరమ్మ సూదులు తీయించుకున్నాక వెంటనే లేవలేదు. ఆమెకీ ఆ గదికీ ఒక కథ ఉంది. ఒళ్ళు సెగలుగా ఉంది, నిద్ర లేదు అని మొదటిసారి వచ్చినప్పుడు సూదక్క అన్నీ అడుగుతూ, నెలసరి ఆగిపోయాక మళ్ళీ ఎప్పుడైనా కనబడిందా అని కూడా అడిగింది. అప్పుడప్పుడూ కాస్త, అంది టీచరమ్మ తేలిగ్గా. సూదక్క సూదుల డబ్బా మూసేసింది. “దీనికి సూది కాదమ్మా, ఇవాళే లేడీ డాక్టరు దగ్గరికి పదండి,” అని తానే వెంటబెట్టుకుని వెళ్ళింది. గర్భసంచిలో ఉన్న గడ్డని ముదరకముందే తీసేశారు. ఇప్పుడు టీచరమ్మ నిద్ర కోసం మాత్రమే వస్తుంది. కోలుకుని వచ్చాక, ఆ కథంతా చెబుతుంటే వచ్చిన ఆమె దారాన్ని చుట్టింది కూడా పెద్దక్కే.

టీచరమ్మ వరండాకేసి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“సూదక్కా, మీ అక్కగారి ముఖం చూస్తున్నారా మీరు?”

“మోకాళ్ళ నొప్పులండీ. రాత్రిళ్ళు నిద్ర ఉండదు.”

“అలాగా.” టీచరమ్మ పుస్తకం మూసింది. “అప్పట్లో నేను అద్దంలో చూసుకున్న ముఖం అదే. అందుకని అడిగాను.”

టీచరమ్మ వెళ్ళిపోయింది. వరండాలో పెద్దక్క ఒక్కతే మిగిలింది. నీలం అంచు తెర గాలికి మెల్లగా ఊపిరి పీల్చి వదులుతోంది. సూదక్క ఆ తెర పక్కకి జరిపి పిలిచింది.

“అక్కా, రా. మోకాళ్ళు చూస్తాను.”

“ఇవాళ వద్దులేవే చిట్టీ.”

“రమ్మంటే రావేం?”

గొణుక్కుంటూ వచ్చి పడుకుంది. మోకాళ్ళకి సూదులు వేశాక సూదక్క చేతులు కిందికి జరిగి చీలమండ పైన ఆగాయి.

“అక్కడెందుకు? అది నెలసరి వచ్చేవాళ్ళకి. నాకు మోకాళ్ళకి వెయ్యి చాలు.”

“ఒక్కటే కదక్కా.”

పెద్దక్క కళ్ళు మూసుకుంది. గడియారం టిక్కుమంటోంది. బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. తీసే వేళకి మోకాళ్ళ దగ్గర ఎప్పటిలాగే జానెడు తెల్లదారాలు వచ్చి ఊడిపోయాయి. చీలమండ దగ్గర కూడా ముందు తెల్లగానే వచ్చింది. తర్వాత తుప్పు రంగులోకి తిరిగింది. తిరిగి, వీణ తీగలా బిగిసి ఆగిపోయింది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ దారాన్నే చూశారు.

పెద్దక్క చెయ్యి మెడలో తాడు దగ్గరికి పోయింది. “ఏదో పాత పోగు అడ్డుపడుంటుంది. కత్తిరించేస్తే సరి. సాయంత్రమవుతోంది, పొయ్యి వెలిగించాలి.”

“అక్కా!”

“ఏమిటే? కత్తెర పట్టడం నాకు నువ్వు నేర్పుతావా?”

సూదక్క ఆ చెయ్యి పట్టుకోబోయి ఆగింది. పట్టుకోవచ్చు, కత్తెర లాక్కోవచ్చు. లాక్కుంటే ఇవాళ ఆగుతుంది, రేపు పొద్దున ఎవరూ లేవకముందు? చేతిలో ఉన్న సూదిని మంచం మీద జాగ్రత్తగా పెట్టి, గది బయటికి వెళ్ళింది. గుమ్మం బయట ఒక క్షణం నిలబడింది. అక్క ధైర్యం, అక్క మొండితనం, అక్క అంటే ఇలా అని తను ఇన్నాళ్ళూ అనుకున్నదంతా ఒక్కొక్కటే విప్పి అక్కడ పెట్టింది. చేతులు కడుక్కుంది. తలుపు మెల్లగా తట్టి లోపలికి వచ్చి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“మొదటిసారి వచ్చారు కదమ్మా,” అంది. “మిమ్మల్ని కొన్ని అడగాలి. నిద్ర ఎలా పడుతోంది మీకు?”

పెద్దక్కకి నవ్వొచ్చింది. “ఏమిటే ఈ వేషాలు? నాటకంలో చేరావా?”

“నిద్ర ఎలా పడుతోందమ్మా?”

ఆ గొంతు పెద్దక్క రోజూ తెర ఇవతల నుంచి వినేదే. తనవైపు తిరిగి ఎప్పుడూ వినలేదు. కత్తెర పట్టుకున్న చెయ్యి గుండె మీద అలాగే ఉంది. “పట్టదు,” అంది.

“ఆకలి?”

“నీకు... అందరికీ వడ్డించాక తినాలనిపించదు.”

“పాదాలు చల్లబడతాయా?”

“మంచుగడ్డలు.”

దారం వెంట్రుకవాసి వదులైంది. సూదక్క దానివైపు చూడలేదు.

“నెలసరి ఎప్పుడు ఆగిపోయిందమ్మా మీకు?”

ఆ ప్రశ్న నోటి నుంచి వచ్చాక గానీ సూదక్కకి తెలియలేదు, దానికి జవాబు తనకి తెలియదని. పుట్టినప్పటి నుంచీ ఒకే కప్పు కింద ఉన్న మనిషి. ఎప్పుడు ఆగిందో తెలియదు.

“మా చెల్లెలు పరీక్షలు రాసిన ఏడాది,” అంది పెద్దక్క కప్పుకేసి చూస్తూ, ఎవరో పరాయి మనిషితో చెప్పినట్టే. “ఆ ఏడాదంతా ఒళ్ళు నిప్పులకుంపటి. మిషను మీద చెమట కారి గుడ్డలు తడిసిపోయేవి. అదేమో పక్కన కూర్చుని చదువుకునేది. చెబితే చదువు మానేసి నా చుట్టూ తిరుగుతుందని చెప్పలేదు. అయినా చెప్పుకోవడానికి ఏముంది, మామూలే కదా.”

“మామూలే అన్నది ఎవరమ్మా?”

దారం మళ్ళీ బిగిసింది, ఈసారి ఇంకా గట్టిగా. పెద్దక్క లేచి కూర్చుని కత్తెర నోరు తెరిచి దారం మీద పెట్టింది. ఎన్ని వేల దారాలు తెంపిన కత్తెరో అది.

సూదక్క కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకునే అడిగింది.

“ఆగిపోయాక, మళ్ళీ ఎప్పుడైనా కనబడిందా అమ్మా మీకు?”

తెర ఊపిరి తీసుకోవడం మానేసినట్టు నిలిచిపోయింది.

“టీచరమ్మ దారం చుట్టింది నేనే,” అంది పెద్దక్క. “దాని అర్థం తెలియకపోతే ఎప్పుడో చెప్పేదాన్ని. తెలిసే నోరు రాలేదు.”

సూదక్క ఆగింది. అడగడం ఎంత పనో ఆగడం అంతకంటే పెద్ద పని.

“కనబడుతోంది,” అంది పెద్దక్క. “వానలు మొదలైనప్పటి నుంచి.”

కత్తెర చేతిలోంచి జారి తాడుకి వేలాడింది. దారం ఒక్కసారిగా వదులై, తుప్పు రంగు పోయి నిఖార్సైన ఎరుపులో బిరబిరా రావడం మొదలుపెట్టింది. చుట్టేవాళ్ళు లేరు, ఎప్పుడూ చుట్టే మనిషిదే ఆ దారం. సూదక్క కండె కోసం వెతకలేదు. తన అరచేతికే చుట్టుకోసాగింది. చుడుతూ చుడుతూ, కొత్తమనిషితో మాట్లాడే ఆ గొంతు ఎక్కడికో పోయింది.

“ఇంత మోశావుటే అక్కా,” అంది. “ఇంత మోశావుటే.”

“ఏడవకే పిచ్చిమొద్దూ. నువ్వేడిస్తే నేనెక్కడికి పోను?”

“ఆసుపత్రికి పోతావు. నాతో. ఇప్పుడే. లేడీ డాక్టరు దీపాలు పెట్టే వేళ దాకా ఉంటుంది.”

“ఇప్పుడా? పొయ్యి...”

“పొయ్యి సంగతి పొయ్యి చూసుకుంటుంది.”

పెద్దక్క మంచం దిగింది. సూదక్క గుమ్మం బయట ఉన్న చెప్పులు తెచ్చి అక్క కాళ్ళ ముందు పెట్టింది. పెద్దక్క ఒక పాదం దూర్చింది, రెండోది దూర్చింది. దారం ఇంకా వస్తూనే ఉంది. అది ఊడే దాకా ఆగుదామని ఇద్దరికీ తోచలేదు. చెల్లెలు అరచేతికి చుట్టుకుంటూ ముందు, అక్క వెనక, అలాగే వరండా దాటారు. పేము కుర్చీ మీది నల్ల దిండుని పెద్దక్క పోతూ పోతూ తీసి మూలకి విసిరేసింది.

వీధి గుమ్మం దగ్గర దారం మళ్ళీ బిగిసింది. సూదక్క ఆగి వెనక్కి తిరిగింది. పెద్దక్క తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. సాయంత్రపు వెలుగు ఆ పాలిపోయిన ముఖం మీద పడి, కాసేపటి కోసం దాన్ని నిమ్మపండు రంగులోకి మార్చింది.

“ఇంకా ఏదో ఉందక్కా,” అంది సూదక్క.

“ఉంది,” అంది పెద్దక్క. “నిన్ను కంగారు పెట్టకూడదని దాచాననుకుంటావు. అందరూ అలాగే అనుకుంటారు, పెద్దక్కది గుండె కాదు బండరాయి అని. అది కాదే చిట్టీ. డాక్టరు ఏమంటుందోనని నాకే వణుకు. నాకు చచ్చిపోవాలని లేదు. నీ కోసం కాదు, ఎవరి కోసమూ కాదు... నాకే, నాకు ఇంకా బతకాలని ఉందే.”